గోడ మీది పేరుకో మనిషి

మా ఆయన పేరు నేను పలకను. మా వైపు ఆడవాళ్ళం ఎవరమూ పలకం. రేషను కార్డు కోసం వెళ్ళినప్పుడు గుమాస్తా "పతి కా నామ్?" అని అడిగితే, పక్కనున్న మా అమ్మాయిని మోచేత్తో పొడిచేదాన్ని. అది చెప్పేది, గుమాస్తా రాసుకునేవాడు. అలాంటిదాన్ని, ఒక ఎండాకాలమంతా ఎటు తిరిగినా ఆ పేరే చదువుకుంటూ నడవాల్సి వచ్చింది. కద్మా బజారులో పిండిమర గోడ మీద, స్కూలు ప్రహరీ మీద, సాక్చి వెళ్ళే దారి పొడుగునా, అగ్రికో క్వార్టర్ల వెనక గోడల మీద. అడుగెత్తు అక్షరాలు, ఎర్రరంగు, పైన తెలుగు, కింద హిందీ. తలొంచుకుని నడుద్దామంటే మోకాలి ఎత్తు గోడలు కూడా వదల్లేదు.

అది మా ఆయన కోసం రాసిన పేరు కాదు. గోడల మీదికి పేరు ముందొచ్చింది, మా ఆయన తర్వాత వచ్చాడు. ఆ సంగతే చెప్తాను.

డెబ్భైల చివరి మాట. జంషెడ్‌పూర్ అప్పటికింకా బీహారే. మేం కద్మాలో ఒక లైనింట్లో రెండు గదులు అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. మా ఆయన నాకు మేనత్త కొడుకు, అందుకని "బావా" అనే పిలిచేదాన్ని. కంపెనీలో రోలింగ్ మిల్లు క్రేన్ డ్రైవరు. తాటిచెట్టంత ఎత్తున, గాజు గదిలో ఒక్కడూ కూర్చుని, కిందనున్న మనిషి చేత్తో చేసే సైగల్ని బట్టి ఎర్రగా కాలిన ఇనుము ఎత్తడం, దించడం. ఎనిమిది గంటలు ఎవరితోనూ మాట ఉండదు. అదే అలవాటు ఇంటికీ వచ్చింది. అన్నం ఇంకొంచెం కావాలంటే చూపుడువేలు పైకెత్తి తిప్పేవాడు. చాలనడానికి రెండు చేతులూ బార్లా చాపేవాడు. పెళ్ళైన కొత్తలో అలిగాడనుకుని ఏడ్చాను కూడా. తర్వాత ఆ సైగలు నాకూ వచ్చేశాయి.

మా లైన్లో ఒక పార్టీ ఉండేది. చిన్న పార్టీ, దాని గుర్తు గంట. పేరు చెప్పను, చెప్పినా ఇప్పుడెవరికీ గుర్తుండదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళం, ఇచ్ఛాపురం అవతల ఒరియా సరిహద్దు నుంచి వచ్చినవాళ్ళు, అందరం కలిసి అందులో ఉండేవాళ్ళం. ప్రతి ఇంటికీ ఒక సభ్యత్వం చీటీ ఇచ్చారు. మా ఇంటి చీటీ పంచాంగంలో పెట్టుకున్నాం.

ఆ పార్టీకి ఊరి నాయకుడు మా లైను చివరింటి ఆయన. ఫౌండ్రీలో పెద్దమేస్త్రిగా చేసి రిటైరైన మనిషి. అందరం పెద్దమేస్త్రి అనే పిలిచేవాళ్ళం. మీసాలు రెండు వైపులా చెంపల దాకా వెళ్ళి పైకి తిరిగి ఉండేవి. గొంతు ఎలాంటిదంటే, ఆయన వాళ్ళింట్లో దగ్గితే మా ఇంట్లో నిద్రపోతున్న అమ్మాయి ఉలిక్కిపడేది. ఎలక్షన్ వస్తోందనగానే అన్ని పార్టీల కన్నా ముందు గోడలన్నీ పట్టించింది ఆయనే. "మన తెలుగువారి నాయకుడు" అని రాయించి, కింద తన పేరు, పక్కన తన బొమ్మ - ముఖం పెద్దగా లేదు, మీసాలే ఉన్నాయి - దాని కింద "గంట గుర్తుకే మన ఓటు". పోటీ చేసేది సాక్చిలో ఉండే ఒక లాయరు గానీ, లాయరు పేరు చిన్నక్షరాల్లో మూలకి పోయింది.

ఆయన పేరూ మా ఆయన పేరూ ఒకటే. మా వైపు అదేం వింత కాదు. ఊళ్ళో దేవుడి పేరే అందరికీ పెట్టుకుంటారు. ఆ పేరున్నవాళ్ళు మా ఒక్క లైన్లోనే నలుగురు.

పోలింగ్ ఇంక ఇరవై రోజులుందనగా పెద్దమేస్త్రి సాక్చి గోలచక్కర్ కూడలి దగ్గర దండ వేయించుకుని గొడుగు గుర్తు పార్టీలోకి వెళ్ళిపోయాడు.

ఆ కబురు మోసుకొచ్చింది మా పార్టీ కార్యదర్శి. సాక్చిలో దర్జీ కొట్టు ఆయనది. ఇచ్ఛాపురం అవతలి మనిషి, మాట మధ్యలో "హఉ, హఉ" అని ఒరియాలో తలూపేవాడు. మెడలో టేపు తియ్యడం మర్చిపోయి అలాగే పరిగెత్తుకొచ్చాడు.

"ఎల్లిపోనాడండి! జీపు ఇత్తామన్నారంట. ఎలక్షను అయ్యేదాకా జీపు, డ్రైవరు. ఆ జీపు కోసమే ఎల్లిపోనాడు!"

పార్టీ ఆఫీసు పెద్దమేస్త్రి అరుగే కాబట్టి ఆఫీసు కూడా వెళ్ళిపోయింది. దాంతోపాటు బెంచీ, జెండా, మైకు బాకాలు రెండూ. ఆ సాయంత్రం కొత్త నాయకుణ్ణి ఎన్నుకోవడానికి మీటింగు పెట్టాలంటే కూర్చోడానికి చోటు లేదు. మా ముందు రేకుల పంచకి సాయంత్రం పూట నీడ వస్తుందని అక్కడ చేరారు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. మా ఆయన ఏ-షిఫ్టు దిగొచ్చి పంచలో ఒక మూల కూర్చుని, సైకిలు ట్యూబుకి గాలి కొట్టి, నీళ్ళ తొట్టెలో ముంచి, బుడగలు ఎక్కడ్నుంచి వస్తున్నాయా అని చూసుకుంటున్నాడు. పధ్నాలుగు మంది వచ్చి తన చుట్టూ కూర్చున్నా తల ఎత్తలేదు.

నాయకత్వం కావాలన్నది ఇద్దరు. ఒకరు దర్జీ. రెండోవాడు కాంట్రాక్టు కూలీల మేటు. ఆరడుగుల మనిషి, పలకరించినా దెబ్బలాటకొచ్చినట్టే ఉండేది.

"నాయకుడంటే గొంతుండాల," అన్నాడు మేటు. "నాను కేకేత్తే కంపెనీ అవతల స్లాగు గుట్ట కాడికి ఇనిపిత్తాది."

"కేకలకేటుంది, ఇంజను కూడా కేకలేత్తాది. నాయకుడంటే కాయితం రాయడం రావాల," అన్నాడు దర్జీ.

"కాయితం రాసి జేబులు కుట్టుకో."

"నీ జేబు కుట్టింది నానే. ఆ చొక్కా ఇప్పి ఇచ్చీ!"

మేటు నిజంగానే చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు. నలుగురు లేచి పట్టుకున్నారు. సగం మంది దర్జీ వైపు, సగం మంది మేటు వైపు. చేతులెత్తమంటే సరిసమానంగా లేచాయి. మళ్ళీ ఎత్తమంటే మళ్ళీ సమానం. మా ఆయన చేతులు రెండూ నీళ్ళలో ఉండడం వల్ల ఎటూ తేలలేదు.

ఇంతలో గోడలు రాసిన పెయింటరు వచ్చాడు. ఆయన బెంగాలీ. తెలుగు చదవడం రాదు, కాగితం మీద రాసిస్తే బొమ్మ గీసినట్టు చూసి గీసేవాడు. గీసేది మాత్రం ముత్యాల్లా ఉండేది. విషయం విని చేతులు జోడించాడు. రేపట్నుంచి పోలింగు దాకా ఇంకో పార్టీ పని ఒప్పుకున్నాననీ, పేరు మార్చడం కుదరదనీ హిందీలో చెప్పాడు. "తెలుగులో నాకు వచ్చిందే ఆ ఒక్క పేరు," అని కూడా అన్నాడు. "రాసీ రాసీ ఇప్పుడు కళ్ళు మూసుకుని గీసేస్తాను. ఇంకో పేరంటే మళ్ళీ మొదట్నుంచి నేర్చుకోవాలి."

ఆయన వెళ్ళిపోయాడు. ఊరు ఊరంతా మన గోడలు, వాటి మీద పార్టీ మారిన మనిషి పేరు.

నేనప్పుడు టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. నవ్వులాటకే అన్నాను, దేవుడి మీద ఒట్టు. "పేరు మార్చలేకపోతే మనిషిని మార్చుకోండి. ఆ పేరున్నోళ్ళు మన లైన్లోనే ఇంకో ముగ్గురున్నారు కదేటి."

అని లోపలికి వెళ్ళిపోయాను. పాలు పొంగుతున్నాయి. తిరిగొచ్చేసరికి నా మాట మీదే మీటింగు నడుస్తోంది.

దర్జీ లేచి నిలబడ్డాడు. "హఉ! గోడ మీద ఇంటిపేరు లేదు. ఒట్టి పేరే ఉంది. ఆ పేరుగలోణ్ణి నాయకుడిగా ఎన్నుకుంటే గోడ గోడలాగే ఉంటాది." అలా చెప్పేటప్పుడు ఆయన మొహంలో ఉన్న తృప్తంతా మేటు నాయకుడు కాకుండా పోతున్నందుకే. మేటు కూడా అదే తృప్తితో తలూపాడు.

ముగ్గురిలో మొదటివాడు పాలాయన. మేనకోడలి పెళ్ళని రాజాం వెళ్ళాడు, ఎప్పుడొస్తాడో తెలీదు. రెండో ఆయన లైను మొదట్లో ఉండే ముసలాయన, చెవులు వినపడవు. మేటు స్వయంగా వెళ్ళి "మీరు మా నాయకుడిగా ఉంటారా?" అని చెవి దగ్గర అరిచాడు. ఆ ముసలాయన "మేకా? మా పెరట్లోకి రాలేదు నాయనా, ఎతుక్కో," అని తలుపేసుకున్నాడు.

మేటు తిరిగొచ్చాక అందరి చూపులూ నీళ్ళ తొట్టె వైపు తిరిగాయి.

"ఏమయ్యా," అన్నాడు దర్జీ, "నీకేటైనా అభ్యంతరమా?"

అదే క్షణంలో నీళ్ళలోంచి బుడబుడా బుడగలు వచ్చాయి. మా ఆయన ఆ చోటు మీద బొటనవేలు నొక్కి, మొట్టమొదటిసారి తలెత్తి, సంతోషంగా అన్నాడు: "దొరికింది."

"దొరికాడు!" అని మేటు ఒక్క అరుపు అరిచాడు. చప్పట్లు మారుమోగాయి. దండ తేవడానికి టైము లేక దర్జీ తన మెడలో టేపు తీసి మా ఆయన మెడలో వేశాడు. తడి చేత్తో ట్యూబు పట్టుకుని మా ఆయన నా వైపు చూశాడు. నేను గ్లాసుల వైపు చూశాను.

ఆ రాత్రి అన్నాల దగ్గర రెండు చేతులూ బార్లా చాపాడు. అన్నం చాలనేమో అనుకున్నాను. "ఇది ఆపే దారేటి?" అని అడుగుతున్నాడు.

"ఇరవై రోజులు, బావా. కళ్ళు మూసుకో, అయిపోతాది," అన్నాను. తప్పు నాదని ఒప్పుకోడానికి మొహం చెల్లలేదు.

ఇంక మొదలైంది. మొదటి ఇబ్బంది మీసాలు. రోజూ నున్నగా గీసుకుని డ్యూటీకి వెళ్ళే మనిషిని గోడ మీది బొమ్మలాగా మీసాలు పెంచమన్నారు. వారం రోజులకి పైపెదవి మీద మసి పూసినట్టు వచ్చింది. పదిరోజులకి ఆ మాత్రం మీసాన్ని కొబ్బరినూనెతో పైకి మెలిపెట్టాలని దర్జీ తాపత్రయం. మా అమ్మాయి పదేళ్ళది, తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే రకం. వాళ్ళ నాన్నని చూసి "బిల్లీ జైసా లగ్ తా హై," అని, అచ్చం పిల్లిలా ఉన్నాడని ఇల్లంతా దొర్లి నవ్వింది.

రెండోది ఉపన్యాసం. దర్జీ నాలుగు పేజీలు రాసిచ్చాడు. "సోదర సోదరీమణులారా" అని మొదలు. మా ఆయన ఆ కాగితాలు క్రేన్ మీదికి పట్టుకెళ్ళి బట్టీ పట్టేవాడు. దర్జీ రోజూ వచ్చి అప్పజెప్పించుకునేవాడు. మా ఆయన మొదటి మాట అనేవాడు, "సోదర". ఆ తర్వాత "సోదరీ" దగ్గర నోరు ఆగిపోయేది. ఎందుకంటే ఎదురుగా నేను నిలబడి ఉండేదాన్ని, ఆయనకి నవ్వొచ్చేది.

మూడోది ఇబ్బంది అనలేను. జనం రావడం మొదలుపెట్టారు. ఇదివరకు పెద్దమేస్త్రి దగ్గరికి వెళ్ళేవాళ్ళు తమ మాట చెప్పుకోడానికి వెళ్ళి, ఆయన మాట విని తిరిగొచ్చేవారు. మా ఆయన ఏమీ అనడు కాబట్టి వచ్చినవాళ్ళు కడదాకా చెప్పుకోగలిగేవాళ్ళు. ఒకామె గంటసేపు కొళాయి గురించి చెప్పింది. రెండు లైన్లకి ఒకటే కొళాయి, నీళ్ళొచ్చేది పొద్దున్న ఒక్క గంట, బిందెలకి బిందెలు తగిలి రోజూ గొడవ. మా ఆయన చివరిదాకా విని, లేచి, ఆవిడ వెంట వెళ్ళి కొళాయి చూసి వచ్చాడు. అంతే. ఆవిడ మర్నాడు బజారంతా తిరిగి, "ఇలాంటి నాయకుణ్ణి నాను సూళ్ళేదు," అని చెప్పింది. నాకు కొంచెం గర్వంగా అనిపించింది. ఆ మాట ఆయనకి చెప్పలేదు.

పోలింగు వారం ఉందనగా ఆదివారం. కద్మా బజారులో మా పార్టీ మీటింగు, మా ఆయన మొదటి ఉపన్యాసం. అయిదింటికి రిక్షా పంపిస్తాననీ, ఆడవాళ్ళు కూడా కనపడాలి కాబట్టి నన్నూ రమ్మనీ దర్జీ చెప్పాడు. నేను కొత్త కోటా చీర కట్టుకున్నాను. ఆయనకి ఇస్త్రీ చొక్కా, పంచె, మీసానికి నూనె.

నాలుగింటికి మా గుమ్మం ముందు జీపు ఆగింది.

డ్రైవరు ఉత్తరాన ఆరా ఊరి నుంచి ముందురోజే కొత్తగా పనిలోకి వచ్చిన కుర్రాడు. మా ఆయన పేరు చెప్పి, "నేతాజీ యహీ రహతే హై?" అని లైన్లో అడిగాడట. అందరూ మా ఇల్లే చూపించారు. జీపు ముందు జెండా కర్రకి చుట్టుకుపోయి ఉంది. డ్రైవరు మా ఆయన మీసాలు చూసి, గోడ వైపు చూసి, సెల్యూట్ కొట్టాడు.

"రిక్షా అన్నారు, జీపు పంపినారు," అన్నాడు మా ఆయన. అంత పొడుగు మాట ఆయన నోటి నుంచి వచ్చిందంటే ఎంత మురిసిపోయాడో చూడండి. మనకి కూడా జీపు దొరికిందనీ, లాయరుగారు పంపించి ఉంటారనీ అనుకున్నాం. ఎక్కి కూర్చున్నాం. జీపు కద్మా బజారు దాటిపోయింది. మీటింగు చోటు మార్చారు కాబోలు అనుకున్నాం. బిష్టుపూర్ దాటి, సాక్చి గోలచక్కర్ దాటి, అగ్రికో మైదానంలోకి వెళ్ళింది. దారి పొడుగునా గోడల మీద పేరు. నేను చీర కొంగు సర్దుకుంటూ కూర్చున్నాను. ఒకచోట ట్రాఫిక్ పోలీసు మాకు దారిచ్చాడు.

మైదానం నిండా జనం. ఇంత జనం మన పార్టీకా అని ఆశ్చర్యపోయాను. చాలామంది చేతుల్లో గొడుగులున్నాయి. మండే ఎండ కదా, బుద్ధిమంతులు అనుకున్నాను. అగ్రికో కార్యకర్తలు ఇద్దరు పరిగెత్తుకొచ్చి, మా ఆయన మెడలో బంతిపూల దండ వేసి, స్టేజీ మీదికి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. వాళ్ళు పెద్దమేస్త్రిని ఎప్పుడూ చూడలేదు, గోడ మీది మీసాలు తప్ప. నన్ను కింద ఆడవాళ్ళ వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, చేతికి ఒక గొడుగు కూడా ఇచ్చారు. ఎంత మర్యాదో అనుకుని విప్పుకున్నాను.

మైకులో ఒకాయన హిందీలో, అభ్యర్థిగారు దారిలో ఉన్నారనీ, ఈలోగా తెలుగు సోదరుల నాయకుడు మాట్లాడతారనీ చెప్పి, మా ఆయన పేరు పిలిచాడు. జనం హోరెత్తారు. మా ఆయన లేచి మైకు దగ్గరికి వచ్చాడు. "సోదర," అన్నాడు. ఆగిపోయాడు. హోరు తగ్గలేదు. అప్పుడు ఏమీ తోచక, క్రేన్ కింద నిలబడ్డ మనిషి చేసినట్టు, రెండు చేతులూ బార్లా చాపాడు.

ఆ మైదానంలో సగం మంది మిల్లు మనుషులే. ఆ సైగకి ఆగకపోతే ప్రాణాలు పోతాయని వాళ్ళ ఒళ్ళు నేర్చుకుని ఉంది. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం. వెనక వేరుసెనగలు అమ్మేవాడి గరిట చప్పుడు కూడా వినపడింది.

మా ఆయన నాలుగు పేజీలు మర్చిపోయాడు. తెలిసింది చెప్పాడు.

"మా లైన్లో కొళాయి ఉందండి. నీళ్ళు గంటే వత్తాయి. రెండు లైన్లోళ్ళు పట్టుకోవాల. నాను ఎల్లి సూసినాను. పైపు సన్నం. ఇంకో రెండు సూతులు లావు పైపేత్తే సరిపోద్ది. అది ఎవులడిగినా సెయ్యట్లేదు. అంతే." కొంచెం ఆగి, ఇంకేదో మిగిలిపోయిందని గుర్తొచ్చి అన్నాడు. "గంట గుర్తుకి ఓటెయ్యండి."

అప్పుడే నేను తల తిప్పి స్టేజీ వెనక కట్టిన గుడ్డ చూశాను. దాని మీద తలుపంత గొడుగు బొమ్మ.

నా చేతిలో గొడుగు వైపు చూశాను. పక్కావిడ చేతిలో గొడుగు వైపు చూశాను. ఆయన్ని కిందికి దింపాలి. "బావా!" అని పిలిచాను. మైదానంలో తెలుగువాళ్ళు తక్కువా? నాలుగు వరసల మగాళ్ళు నా వైపు తిరిగారు, ఆయన తప్ప. మళ్ళీ పిలిచాను. ఇంకో రెండు వరసలు తిరిగాయి. ఇంక గత్యంతరం లేదు. కుర్చీ ఎక్కి నిలబడి, పెళ్ళైన పన్నెండేళ్ళకి మొదటిసారి, గొంతెత్తి మా ఆయన పేరు పెట్టి పిలిచాను.

ఇద్దరు పలికారు.

ఒకరు స్టేజీ మీద మా ఆయన. రెండో గొంతు నా వెనక నుంచి వచ్చింది. "ఎవులది, నన్ను పేరెట్టి పిలిసింది?"

చూస్తే పెద్దమేస్త్రి. పట్టు లాల్చీ చెమటకి ఒంటికి అతుక్కుపోయి, మీసాలు రెండూ కిందికి వాలిపోయి, సైకిల్ రిక్షా దిగుతున్నాడు. జీపు వస్తుందని మూడింటి నుంచి తయారై ఇంట్లో కూర్చుని, అక్కడే కునుకుపట్టి, లేచాక జీపు జాడ లేక, రిక్షా కట్టించుకుని వచ్చాడు. జనాన్ని తోసుకుంటూ స్టేజీ ఎక్కాడు.

"ఒరే! నా జీపెక్కి, నా స్టేజీ మీద, నా దండేసుకుని, గంటకి ఓటెయ్యమంటావా?" ఆ గొంతుకి మైకు అక్కర్లేదు.

మా ఆయనకి అప్పటికీ ఏమీ తెలీదు. ఎండలో పడి వచ్చిన పెద్దమనిషి, ఫౌండ్రీలో తనకి మొదట్లో ఉద్యోగం చెప్పించిన మనిషి, ఎదురుగా రొప్పుతూ నిలబడ్డాడు. ఆయనకి కనపడింది అంతే. "బాబాయ్, మీరా! రండి రండి, కూకోండి," అని తన కుర్చీ జరిపి, మెడలో దండ తీసి ఆయన మెడలో వేసి, గ్లాసుతో నీళ్ళిచ్చాడు. దాహంతో ఉన్న మనిషి తిట్టలేక తాగాడు. తాగేసరికి సగం కోపం పోయింది. తాగుతున్నంతసేపూ మా ఆయన పెద్దమేస్త్రి వీపు నిమురుతూ నిలబడ్డాడు. జనం అదంతా ముందే అనుకుని చేసిన ఏర్పాటనుకుని చప్పట్లు కొట్టారు. సరిగ్గా ఆ చప్పట్లలోనే గొడుగు అభ్యర్థి కారు దిగాడు. స్టేజీ మీద ఇద్దరు తెలుగు నాయకులు ఒకరినొకరు పట్టుకుని ఉండడం చూసి, ఇద్దరూ మా పార్టీలో చేరినట్టేనని మైకులో చెప్పేశాడు.

మేం నడిచి ఇంటికొచ్చాం. జీపులో రమ్మని డ్రైవరు కుర్రాడు అడిగాడు గానీ నేను ఎక్కనివ్వలేదు. దారిలో సంగతంతా చెప్పాను. సాక్చి దగ్గరికొచ్చాక అడిగాడు. "నువ్వు నా పేరెట్టి పిలిసినావా?"

"పిలిసినాను."

"ఇంకోపాలి పిలు."

"నడువు బావా, సిగ్గులేదేటి," అన్నాను.

మర్నాడు సాయంత్రం రేకుల పంచ మళ్ళీ నిండింది. ఈసారి ద్రోహిని తీసెయ్యడానికి. దర్జీ ఏడుపు మొహంతో ఉన్నాడు. ముందు రోజు కద్మా బజారులో మీటింగు ఆగిపోయి, మేటూ తనూ చెరో రిక్షాలో మా ఆయన కోసం ఊరంతా వెతికారట. "నాలుగు పేజీలు రాసిచ్చినాను. నాలుగు పేజీలూ గొడుగోళ్ళకి సెప్పీసినాడు!" అన్నాడు.

"ఒక్క పేజీ కూడా సెప్పలేదు," అన్నాను నేను. గుమ్మంలోంచి కాదు, పంచలోకి వచ్చి మధ్యలో నిలబడ్డాను. "నానున్నాను అక్కడ. కొళాయి గురించి సెప్పినాడు. గంటకి ఓటెయ్యమన్నాడు. గొడుగోళ్ళ స్టేజీ ఎక్కి గంటకి ఓటెయ్యమన్న మొగోడు మీలో ఎవులున్నారు?"

దర్జీ నోరు తెరిచాడు. ఏదో అనేలోపల మేటు, మిల్లులో పొద్దున్నుంచి అదే మాట నడుస్తోందని చెప్పాడు. క్రేన్ డ్రైవరు శత్రువు స్టేజీ మీదికెళ్ళి, చేతులు చాపి అందర్నీ నిలబెట్టి, తన గుర్తు చెప్పి, వాళ్ళ నాయకుడికే దండేసి వచ్చాడని క్యాంటీన్లో కథలు కథలుగా చెప్పుకుంటున్నారట. దర్జీ టేపు సర్దుకుని, "హఉ, ఆ స్టేజీ ఎక్కమని సలహా నానే ఇచ్చినాను," అన్నాడు. తీసెయ్యడం మాట అక్కడితో పోయింది.

ఎలక్షన్లో గంట ఓడిపోయింది. గొడుగూ ఓడిపోయింది. మూడో పార్టీ ఆయనెవరో గెలిచాడు, ఆయన మా లైనుకి ఒక్కసారీ రాలేదు. కొళాయి పైపు మారడానికి ఇంకో ఏడాది పట్టింది. అదీ మా ఆయన, ఆ కొళాయి గొడవామె కలిసి ఆఫీసు చుట్టూ తిరగ్గా తిరగ్గా. ఆయన కుర్చీలో కూర్చుని ఏమీ అనకుండా అలా చూస్తూ ఉండేవాడట. ఆఫీసరు భరించలేక సంతకం పెట్టాడని ఆవిడ చెప్పేది.

పోలింగు మర్నాడే గొడుగువాళ్ళు జీపు తీసుకుపోయారు. రెండు వారాల తర్వాత ఒక ఆదివారం పొద్దున్న పెద్దమేస్త్రి, ఆయన భార్య మా ఇంటికొచ్చారు. ఆయన భుజం మీద పెద్ద పనసపండు. దాన్ని పంచలో దించి, తువ్వాలుతో మెడ తుడుచుకుని, "తిరిగొచ్చీద్దామనుకుంటన్నాను," అన్నాడు చాలా చిన్న గొంతుతో. ఆ గొంతు అంత చిన్నగా కూడా ఉండగలదని నాకప్పుడే తెలిసింది.

మా ఆయన మొహం వెలిగిపోయింది. అప్పటికప్పుడు దర్జీకీ మేటుకీ కబురంపించాడు. నాయకత్వం పెద్దమేస్త్రికి తిరిగి ఇచ్చేస్తున్నట్టు దర్జీ తీర్మానం రాశాడు. సంతకాలు పెట్టాలన్నాడు. ముందు పండు కోద్దామన్నాడు మేటు. నేను చేతులకి నూనె రాసుకోమని చెబుతూనే ఉన్నాను, ఎవరూ వినలేదు. కోసే పద్ధతి నాకు తెలుసంటే నాకు తెలుసని దర్జీ, మేటు ఇద్దరూ ఒకే కత్తి పట్టుకున్నారు. పెద్దమేస్త్రి తొనలు తియ్యడానికి దిగాడు. మా ఆయన గింజలు ఏరడానికి కూర్చున్నాడు. గంట తిరిగేసరికి అందరి చేతులూ మోచేతుల దాకా జిగురు. దర్జీ కలం తీస్తే కలం చేతికి అతుక్కుంది, చేతికి తీర్మానం కాగితం అతుక్కుంది. లాగితే రెండు ముక్కలైంది.

"ఇంకో కాయితం రాత్తాను," అన్నాడు దర్జీ, వేళ్ళు విడదీసుకోలేక.

"తర్వాత రాద్దురు, తినండి ముందు," అంది పెద్దమేస్త్రి భార్య.

ఆ ఇంకో కాగితం దర్జీ ఎప్పుడూ రాయలేదు, నాయకత్వం మా ఆయన దగ్గరే ఉండిపోయింది. ఆ పూట పండంతా తిన్నాం. గింజలు కూరకని నేను కడిగి ఆరబెట్టాను. మా ఆయన ఒంటిగంటకి లేచి, కిరసనాయిలుతో చేతులు రుద్దుకుని, సైకిలెక్కి బీ-షిఫ్టుకి వెళ్ళిపోయాడు.